టైరు చెప్పిన సాక్ష్యం

మీ ఊళ్ళో పంక్చర్లు వేసే కొట్టు ఒకటి ఉంటుంది గదా! దాని ముందు పాత టైర్లు గుట్టగా పడి ఉంటాయి. ఈసారి ఆ దారిన పోయేటప్పుడు అక్కడ ఒక్క అయిదు నిమిషాలు ఆగండి. ఆ గుట్టలో ఉన్నవన్నీ అరిగిపోయిన టైర్లే. కాని అన్నీ ఒకే రకంగా అరగలేదని చూడగానే మీకు తెలుస్తుంది. ఒకటి నడిమధ్యన నున్నగా ఉంటుంది. ఇంకొకటి రెండు అంచులా అరిగిపోయి, మధ్యలో మాత్రం గాడులు మిగిలి ఉంటుంది. మరొకటి ఒక అంచున పూర్తిగా గుండై, రెండో అంచున నిన్ననే కొన్నదా అన్నట్టుంటుంది.

ఎందుకిలా? రోడ్డు ఒకటే, రబ్బరు ఒకటే. మరి అరుగుదలలో ఈ తేడా ఎక్కడిది?

మొదటి రెండింటికీ జవాబు తేలిక. గాలి మరీ ఎక్కువ కొడితే టైరు ఉబ్బి, నడిమి భాగమే నేలకు గట్టిగా ఆనుతుంది, అక్కడే అరుగుతుంది. గాలి తక్కువైతే నడుము లోపలికి కుంగి, బరువంతా అంచుల మీద పడుతుంది. మూడో టైరు సంగతి అంత సులువుగా తేలదు. నాకు అది అర్థం కావడానికి ఒక ఏడాది కాలం, రెండు జతల టైర్లు, ఒక సాయంత్రంపూట గుండె దడ ఖర్చయ్యాయి. ఆ కథే చెబుతాను.

మాది త్రిపురారం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది ఊరు. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలిన తర్వాత ఈ ప్రాంతపు నేలంతా వరిపొలమైంది. వరి వచ్చింది కాబట్టి మిర్యాలగూడలో రైసుమిల్లులు వచ్చాయి. మిల్లులు వచ్చాయి కాబట్టి లారీలు, ట్రాక్టర్లు వచ్చాయి. కోతల రోజుల్లో మా రోడ్లను చూడాలి! ఒక పక్క వడ్లు ఆరబోసి ఉంటాయి, మరో పక్క ట్రాలీలు బారులు తీరి ఉంటాయి. పొలంలో దమ్ము చేసిన ట్రాక్టరు ఇనుప కేజ్‌వీల్స్ విప్పకుండానే రోడ్డెక్కితే తారు మీద దంతాల గాట్లు పడతాయి. వాన పడ్డాక ఆ గాట్లే గుంతలవుతాయి.

అలాంటి గుంతలోనే ఒక రాత్రి నా కారు ఎడమ ముందు చక్రం దభీమని పడింది. అది చేతులు మారి వచ్చిన పాత కారు. దిగి చూశాను. టైరు బాగానే ఉంది, గాలి పోలేదు. ‘పోనీలే’ అనుకుని ఇంటికి వెళ్ళిపోయాను.

మర్నాటినుంచి కారు కొద్దికొద్దిగా పక్కకు గుంజడం మొదలుపెట్టింది. స్టీరింగును తిన్నగా పట్టుకుంటే చాలు, వదిలితే మాత్రం మెల్లగా పక్కకు పోయేది. నేను సైన్సు మాస్టారిని గదా, వెంటనే కారణం చెప్పేసుకున్నాను: ‘వాన నీరు నిలవకుండా రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. ఆ వాలుకు కారు జారుతోంది.’ తరగతిలో ఇదే ఉదాహరణ చెప్పి, వాలుతలం మీద బలాలు గీసి చూపించాను కూడా!

నాలుగు నెలలకు ఆ టైరు లోపలి అంచు నున్నబడింది. టైరుదే లోపమనుకుని ముందు రెండూ కొత్తవి వేయించాను. ఒకచోట కంప్యూటరు అలైన్‌మెంటు కూడా చేయించాను. ఏవో అంకెలున్న కాగితం ఒకటి ఇచ్చారు. మడిచి అరలో పెట్టుకున్నాను.

పదో తరగతి జవాబు పత్రాలు దిద్దే పని ముగించుకుని, ముగ్గురు తోటి ఉపాధ్యాయులతో తిరిగి వస్తున్నాం. కాలువ మీద వంతెన దాటగానే పెద్ద చప్పుడుతో ఎడమ ముందు టైరు పేలింది. కారు ఒక్కసారిగా ఎడమకు తిరిగింది. వేగం తక్కువ కాబట్టి సరిపోయింది. రోడ్డు మీద ఆరబోసిన వడ్లరాశిలోకి దూసుకుపోయి ఆగింది. ఇంకో నాలుగు గజాలు పోయి ఉంటే కాలువే. ఎవరికీ దెబ్బ తగలలేదు. వడ్ల యజమాని మాత్రం చాలాసేపు మాట్లాడాడు. ఆయన మాట్లాడటంలో న్యాయం ఉంది.

టైరు విప్పి చూస్తే బయటి అంచున గాడులు చక్కగా ఉన్నాయి. లోపలి అంచున రబ్బరు మొత్తం పోయి, దారాలు బయటపడ్డాయి. నిలబెట్టిన కారును బయటినుంచి చూసేవారికి బయటి అంచే కనబడుతుంది. లోపలి అంచు కారు కిందికి దాగి ఉంటుంది. రోజూ పొద్దున్నే కారు చుట్టూ తిరిగి చూసే నాకు ఆ దారాలు ఒక్కసారి కూడా కనిపించలేదు.

రోడ్డు ఎటు వాలుంటది సార్?

మిర్యాలగూడలో పాత మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. నాకంటె పెద్దవాడు. లారీల కింద పడుకునే వయసులో నేర్చుకున్న పని ఆయనది. సంగతంతా చెప్పి, రోడ్డు వాలు సిద్ధాంతం కూడా వినిపించాను. ఆయన చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

“రోడ్డు ఎటు వాలుంటది సార్?”

“మనం ఎడమ పక్కన పోతాం కాబట్టి ఎడమకు.”

“మరి మీ బండి ఎటు గుంజుతున్నది?”

“కుడికి.”

ఆయన ఇంకేమీ అనలేదు. నేనూ అనలేదు. పదిమంది పిల్లలకు బోధించిన సిద్ధాంతం ఒక్క ప్రశ్నకు కూలిపోయింది. మీరు గుర్తుంచుకోండి: మన దేశంలో బండి కొంచెం ఎడమకు వాలితే అది రోడ్డు పని కావచ్చు. కుడికి లాగితే మాత్రం తప్పు రోడ్డుది కాదు.

“కూసోండి సార్, వరసగా చూద్దాం” అన్నాడాయన. ఆ తర్వాత గంటసేపు ఆయన చేసింది చూస్తే, ప్రయోగశాలలో మనం చేయవలసిన పద్ధతి అదే అనిపించింది. ఒక్కసారికి ఒక్క కారణాన్నే పట్టుకుని, అది అవునో కాదో తేల్చి, తర్వాతదానికి పోయేవాడు.

మొట్టమొదట గాలి. ఒక ముందు టైరులో గాలి తక్కువైతే అది నొక్కుకుపోయి బరువుగా దొర్లుతుంది, బండి అటే లాగుతుంది. నాలుగు టైర్లూ చల్లగా ఉన్నప్పుడు పీడనం చూశాడు. సమంగానే ఉంది.

రెండోది టైరు. కొన్ని టైర్లు తయారీలోనే ఒక పక్కకు సన్నగా, శంఖువులాగా ఉండవచ్చు. కంటికి కనబడదు గాని బండిని పక్కకు లాగుతుంది. దీన్ని తేల్చడానికి ముందు టైర్లు రెండింటినీ అటుదిటు, ఇటుదటు మార్చి వేశాడు. నడిపి చూశాం. ఇప్పుడు బండి ఎడమకు గుంజితే తప్పు టైరుది. కాని మళ్ళీ కుడికే గుంజింది. టైరు నిర్దోషి అని తేలింది. నేను అనవసరంగా ఒక జత టైర్లను శిక్షించానన్నమాట.

మూడోది బ్రేకు. ఒక చక్రం బ్రేకు పూర్తిగా వదలకుండా పట్టుకుని ఉంటే బండి ఆ పక్కకు లాగుతుంది. బ్రేకు ఎక్కువగా వాడకుండా కొంతదూరం నడిపి, రెండు చక్రాల నడిమి భాగాల దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. ఘర్షణ ఉన్నచోట ఉష్ణం పుడుతుంది గదా! రెండూ ఒకే వెచ్చదనంతో ఉన్నాయి. బ్రేకు కూడా నిర్దోషే.

నాలుగోది ఆట. ఇది క్రీడ కాదు సుమా! అతుకుల దగ్గర వదులు ఏర్పడితే మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. ముందు చక్రాన్ని జాకీతో పైకి లేపి, కింద దిమ్మె పెట్టి, చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలిందంటే బేరింగు గాని, చక్రాన్ని మోసే కీలు గాని అరిగిందని అర్థం. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే కదిలిందంటే టై రాడ్ చివరలు అరిగాయని అనుమానించాలి. బేరింగా, కీలా అన్నది ఎలా తెలుస్తుంది? దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమని చెప్పి మళ్ళీ ఊపాలి. బ్రేకు చక్రాన్నీ, చక్రాన్ని మోసే భాగాన్నీ కలిపి బిగించేస్తుంది. అప్పుడు కదలిక ఆగిపోతే వదులు బేరింగులో ఉందన్నమాట. ఇంకా కదులుతూనే ఉంటే కీలు దగ్గర ఉంది. నా కారులో ఏ వదులూ లేదు. (ఈ పరీక్షలు మీరు చూడండి, చేయకండి. జాకీ మీద నిలిచిన బండి కింద చెయ్యి పెట్టడం పెద్దవాళ్ళకే ప్రమాదం.)

ఇక మిగిలింది చక్రం నిలబడిన తీరు. ఆయన కారును బల్లపరుపు గచ్చు మీదికి తెచ్చి, తాపీమేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వేలాడదీసే దారపు గుండు తీశాడు. కుడి చక్రం పక్కన వేలాడదీస్తే, దారానికీ రిమ్ముకూ మధ్య ఖాళీ పైనా కిందా సమంగానే ఉంది. ఎడమ చక్రం దగ్గర పై ఖాళీ కింది ఖాళీకంటె 12 మిల్లీమీటర్లు ఎక్కువ. అంటే చక్రం పైభాగం కారు లోపలికి వాలింది.

ఎన్ని డిగ్రీలు? దీనికి పెద్ద లెక్క అక్కరలేదు. చిన్న కోణాలకు ఒక సులభ సూత్రం ఉంది: 57 అడుగుల దూరానికి 1 అడుగు పక్కకు జరిగితే అది సుమారు 1 డిగ్రీ. రిమ్ము అడ్డకొలత 350 మిల్లీమీటర్లు. దాన్ని 57తో భాగిస్తే 6 పైచిలుకు. అంటే 1 డిగ్రీకి 6 మిల్లీమీటర్లు. మనకు వచ్చింది 12. చక్రం దాదాపు 2 డిగ్రీలు వాలిందన్నమాట. గుంతలో పడ్డ దెబ్బకు చక్రాన్ని నిలువుగా పట్టి ఉంచే షాక్ అబ్జార్బరు కడ్డీ వంగిపోయింది.

అప్పుడు నాకు అరలో మడిచిపెట్టిన కాగితం గుర్తొచ్చింది. తీసి చూస్తే ఎడమ చక్రం కాంబరు అన్న గడి ఎర్రగా అచ్చయి ఉంది. వాళ్ళు చెప్పలేదు, నేను చదవలేదు. చక్రాల మీద అద్దకాలు బిగించి కెమెరాలతో చూసే ఆ యంత్రం డిగ్రీలో చిన్న భాగాన్ని కూడా పట్టుకోగలదు. కాని కడ్డీ వంగిందా, అతుకు అరిగిందా అని అది చెప్పదు. పైగా చాలా చిన్న కార్లలో కాంబరును మరలు తిప్పి సరిచేసే వీలు లేదు, వంగినదాన్ని మార్చాల్సిందే. కాబట్టి మార్చడానికి వీలున్న ఒక్క కొలతనూ సరిచేసి పంపించారు.

గ్లాసు దొర్లించి చూడండి

వాలిన చక్రం బండిని ఎందుకు లాగుతుంది? మీ ఇంట్లో అడుగు సన్నగా, మూతి వెడల్పుగా ఉండే స్టీలు గ్లాసు ఒకటి తీసుకోండి. నేలమీద పడుకోబెట్టి దొర్లించండి. తిన్నగా పోతుందా? పోదు. సన్నని అడుగు వైపుకు వంపు తిరిగి గుండ్రంగా తిరుగుతుంది. పక్కకు వాలిన చక్రం కూడా ఒక పెద్ద శంఖువులో ముక్కలాంటిదే. దాని అక్షాన్ని పొడిగిస్తే అది ఎక్కడో నేలను తాకుతుంది. చక్రం ఆ బిందువు చుట్టూ తిరగాలని చూస్తుంది.

ఇదంతా మీకు ఎప్పుడో తెలుసు. పాత సైకిలు టైరును పుల్లతో కొడుతూ పరుగెత్తే ఆట ఆడని పిల్లలు మా రోజుల్లో లేరు. టైరు కుడికి వాలితే కుడికే తిరిగేది గదా! నా కారు ఎడమ చక్రం లోపలికి, అంటే కుడికి వాలింది. కాబట్టి కుడికి లాగింది. రెండో చక్రం తిన్నగా ఉంది కాబట్టి దానికి ఎదురు లాగేవాడు లేడు.

ఈ పాఠం చెప్పినప్పుడు మా పదో తరగతి పిల్లవాడు ఒకడు లేచాడు. “సార్, మా ట్రాక్టరు ముందు చక్రాలు రెండూ పైన బయటికి విచ్చుకుని ఉంటాయి. అది కూడా చెడిపోయిందా?”

మంచి ప్రశ్న. ఏ ట్రాక్టరునైనా ఎదురుగా నిలబడి చూడండి. ముందు చక్రాలు పైన ఎడంగా, కింద దగ్గరగా కనబడతాయి. అది చెడు కాదు, కావాలని అలా పెట్టినదే. దీన్ని ధన కాంబరు అంటారు. చక్రం తిరిగే కీలు నేలను తాకే చోటికి, టైరు నేలను తాకే చోటు దగ్గరవుతుంది. అందువల్ల స్టీరింగు తేలిగ్గా తిరుగుతుంది, రాయి తగిలినా చేతికి అంత దెబ్బ కొట్టదు. ఎడమ చక్రం ఎడమకు, కుడి చక్రం కుడికి పోవాలని చూస్తాయి. కాని మధ్యలో టై రాడ్ రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. తాడు లాగే పందెంలో రెండు జట్లూ సమానబలం కలవైతే తాడు కదలదు గదా, అలాగే బండి తిన్నగా పోతుంది. ఇప్పటి కార్లలో ఈ వాలు దాదాపు ఉండదు, కొన్నింటిలో లోపలికే కొంచెం ఉంటుంది. నా కారుకు చెడు చేసింది వాలు ఒక్కటే కాదు. ఒక పక్కనే వాలడం.

పాదాలు లోపలికి

కొందరు నడిచేటప్పుడు కాలివేళ్ళు లోపలికి తిప్పి నడుస్తారు, కొందరు బయటికి. బండి ముందు చక్రాలకూ ఈ గుణం ఉంది. పైనుంచి చూసినప్పుడు చక్రాల ముందు అంచులు వెనక అంచులకంటె దగ్గరగా ఉంటే దాన్ని టో ఇన్ అంటారు. ఎడంగా ఉంటే టో అవుట్. వెనక చక్రాలు తోసే బండిలో, రోడ్డు ఘర్షణకు ముందు చక్రాలు కొంచెం విచ్చుకుంటాయి. అందుకని నిలబడి ఉన్నప్పుడు రవ్వంత లోపలికి పెడతారు. నడిచేటప్పుడు సమాంతరమవుతాయి. ముందు చక్రాలే లాగే కార్లలో బలం ఇంకోలా పనిచేస్తుంది కాబట్టి కొన్నింటికి టో సున్నా, కొన్నింటికి రవ్వంత అవుట్ పెడతారు.

ఈ రవ్వంత అన్నది మిల్లీమీటర్ల సంగతి. అది తప్పితే ఏమవుతుందో ఆ పిల్లవాడి ట్రాక్టరు మీదే చూశాం. “ముందు టైర్లు యాసంగి దాటట్లేదు సార్. మా నాయిన మళ్ళీ అప్పు తెస్తనంటున్నడు” అన్నాడు వాడు. ఒక శనివారం మధ్యాహ్నం వాళ్ళ నాన్న ట్రాక్టరును బడి ఆవరణలోకి తెచ్చి నిలిపాడు.

ముందు టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాయమన్నాను. బయటినుంచి లోపలికి రాస్తే రంపంలా గరుకుగా తగిలింది. లోపలినుంచి బయటికి రాస్తే మెత్తగా జారింది. చక్రం దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుపోతే గాడుల అంచులు ఇలా ఒకవైపు సానపట్టినట్టు తేలతాయి. బయటినుంచి లోపలికి రాసినప్పుడు గుచ్చుకుంటే చక్రాలు విచ్చుకున్నాయని, అంటే టో అవుట్ అని, దాని తీర్పు. మరి ఎంత?

చక్రాలు తిన్నగా ఉంచి, వాళ్ళ నాన్న ఒక్కొక్క ముందు చక్రాన్ని జాకీతో లేపి తిప్పుతుంటే, టైరు నడుమ సుద్దముక్క ఆనించి సన్నని గీత గీశాం. దించిన తర్వాత ట్రాక్టరును నాలుగడుగులు ముందుకు తోశాం. వెనక్కి తోయకూడదు. వెనక్కి తోస్తే అతుకుల్లోని వదులు అటువైపు తిరిగి కొలత తప్పు వస్తుంది. ఇరుసు ఎత్తున గీత మీద ఒక గుర్తు పెట్టి, అక్కడినుంచి గుండు వేలాడదీసి, గచ్చు మీద చుక్క పెట్టాం. రెండు చుక్కల మధ్య దూరం 1,322 మిల్లీమీటర్లు. తర్వాత ఆ గుర్తులే వెనక్కి వచ్చేదాకా, అంటే చక్రం అరచుట్టు తిరిగేదాకా, మళ్ళీ ముందుకు తోసి కొలిచాం. 1,300.

అవే గుర్తులను ఎందుకు వాడాలి? చక్రం రిమ్ము ఎక్కడైనా వంకరగా ఉందనుకోండి. ముందు ఒక చోట, వెనక ఇంకో చోట కొలిస్తే ఆ వంకర కూడా మన లెక్కలో కలిసిపోతుంది. ఒకే గుర్తును రెండు చోట్లా కొలిస్తే వంకర రెండింటిలోనూ ఉండి, తీసివేతలో పోతుంది.

ముందు 22 మిల్లీమీటర్లు ఎక్కువ. చక్రాలు విచ్చుకున్నాయని చెయ్యి చెప్పినదే కొలబద్ద కూడా చెప్పింది. ఆ ట్రాక్టరు పుస్తకంలో ఉండవలసింది 3 మిల్లీమీటర్ల టో ఇన్.

ఇరవైరెండు మిల్లీమీటర్లంటే బొటనవేలి వెడల్పు. అంతమాత్రానికే టైరు పోతుందా? లెక్క వేయండి. ఒక్కొక్క చక్రం వాటా 11 మిల్లీమీటర్లు. టైరు వ్యాసం 735 మిల్లీమీటర్లు. 735 ముందుకు పోతే 11 పక్కకు. అంటే కిలోమీటరుకు 15 మీటర్లు! మిల్లుకు పోయి రావడం 40 కిలోమీటర్లనుకుంటే, ప్రతిసారీ ఆ టైరు 600 మీటర్ల దూరం పక్కకు ఈడ్చబడుతున్నట్టే. రబ్బరు కొంత సాగి సర్దుకుంటుంది కాబట్టి నిజంగా జరిగే రాపిడి ఇంతకంటె తక్కువే. అయినా బరువు లాగుతూ రోజూ ఇలా నడిస్తే రబ్బరు ఎన్నాళ్ళు ఆగుతుంది? పైగా ఈ ఈడ్పుకు డీజిలు కూడా ఎక్కువ కాలుతుంది.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ ట్రాక్టరులో టై రాడ్ ఇరుసుకు వెనకవైపు ఉంది. కిందికి వంగి చూసిన పిల్లలు “సార్, కడ్డీ విల్లులా ఉంది” అని అరిచారు. పొలం గట్టు దాటేటప్పుడు ఎప్పుడో తగిలింది. ఒక మీటరు పొడవు కడ్డీ, నడుమ 5 సెంటీమీటర్లు వంగింది.

ఇక్కడ పైథాగరస్‌ను పిలిచాం. వంగిన కడ్డీని నడుమ విరిచిన రెండు ముక్కలుగా అనుకుంటే, ఒక్కొక్క ముక్క 500 మిల్లీమీటర్ల కర్ణం. 50 ఒక భుజం. రెండో భుజం 497.5 వస్తుంది. రెండు ముక్కలకూ కలిపి కడ్డీ 5 మిల్లీమీటర్లు పొట్టిదైంది. టై రాడ్ ఇరుసు వెనక ఉంది కాబట్టి, అది పొట్టిదైతే చక్రాల వెనక భాగాలను దగ్గరకు లాగుతుంది. ముందు భాగాలు విచ్చుకుంటాయి. చక్రాన్ని తిప్పే చెయ్యి పొడవు 150. దాని కొన 2.5 జరిగితే 60లో 1 వంతు తిరిగినట్టు. 735ను 60తో భాగిస్తే 12 పైచిలుకు. రెండు చక్రాలకూ కలిపి సుమారు 25 మార్పు. ముందున్న 3 టో ఇన్ పోగా 22 టో అవుట్! నల్లబల్ల మీద వచ్చిన అంకె, గచ్చు మీద కొలిచిన అంకె ఒకటే కావడం చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే నేనూ కొట్టాను. కడ్డీ నిజంగా వంగిన వంపు విల్లులా ఉంది కాబట్టి లెక్క కొంచెం అటూ ఇటూ కావాలి. అయినా ఇంత దగ్గరగా రావడం అరుదు.

మలుపు కథ

టై రాడ్‌నూ, దాని రెండు చివరల చేతులనూ పైనుంచి చూస్తే సమలంబ చతుర్భుజంలా ఉంటుంది. ఎందుకలా? బంతి తిప్పేటప్పుడు, అంటే ఎడ్లతో వరి తొక్కించేటప్పుడు, గుంజ దగ్గరి ఎద్దు చిన్న అడుగులు వేస్తుంది, చివరి ఎద్దు పెద్ద అడుగులు వేస్తుంది. మలుపులో లోపలి చక్రం చిన్న వలయంలో పోవాలి, బయటి చక్రం పెద్ద వలయంలో. కాబట్టి లోపలిది ఎక్కువ తిరగాలి. నిలబడిన ట్రాక్టరు స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పించి, ఎదురుగా నిలబడి చూడండి. రెండు చక్రాలూ సమానంగా తిరగవు.

ఈ ఉపాయాన్ని గుర్రపు బండ్ల కోసం మ్యూనిక్‌లో లాంకెన్‌స్పెర్గర్ అనే బండ్ల తయారీదారు కనిపెడితే, ఆయన తరఫున 1818లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న అకర్‌మన్ పేరు దానికి నిలిచిపోయింది. 1886లో కార్ల్ బెంజ్ తన మొదటి మోటారు బండికి మూడే చక్రాలు పెట్టాడు. నాలుగు చక్రాల బండిని సరిగా తిప్పే దారి ఆయనకు అప్పటికి కుదరలేదు. 1893లో గాని ఈ పద్ధతితో నాలుగు చక్రాల బండి చేయలేదు. మన గుళ్ళ రథాలకు ఈ బాధే లేదు. వాటి చక్రాలు తిరగవు. చక్రాల కింద చెక్కదిమ్మెలు పెట్టి రథాన్నే మలుపుతారు.

మూడో కోణం ఒకటుంది, దాన్ని మీ సైకిలు మీదే చూడవచ్చు. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. ఆ గీతను నేలదాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు ముందుగా తగులుతుంది. అంటే చక్రం తన కీలుకు వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. అందుకే పక్కకు తిరిగినా తనంతట తాను తిన్నగా వస్తుంది. దీనిని కాస్టరు అంటారు. ఆసుపత్రిలో స్ట్రెచరు చక్రాలు, బండిని ఎటు తోస్తే అటే తిరిగి వెనక వస్తాయి చూడండి, అదీ ఈ గుణమే. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట వెనక్కి రాకపోతే ఈ కోణాన్నీ, బిగుసుకున్న కీళ్ళనూ అనుమానించాలి. స్టీరింగు ఒక ప్రత్యేక వేగంలోనే వణికితే మాత్రం ఈ మూడు కోణాలనూ వదిలేయండి. అది చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోవడం వల్ల వచ్చే బాధ.

ట్రాక్టరుకు కొత్త టై రాడ్ వేసి 3 మిల్లీమీటర్లు సరిచేశారు. ముందు టైర్లను వాళ్ళ నాన్న మార్చలేదు. ఉన్నవాటితోనే వానాకాలం కోతలు గడిచాయి. దారాలు తేలిన నా టైరును అడ్డంగా కోయించి సైన్సు గదిలో గోడకు వేలాడదీశాను.

మా బడి ముందు ఆగే ఆటోకు ముందు ఒకటే చక్రం. దానికి టో అన్న మాటే లేదు. మరి ఆటో పక్కకు గుంజుతోందని డ్రైవరు అంటున్నాడు. గాలి చూశాం, సమంగానే ఉంది. వెనక చక్రాలు రెండూ ముందు చక్రానికి సమాంతరంగా ఉన్నాయో లేదో దారం కట్టి చూస్తామని తొమ్మిదో తరగతి వాళ్ళు బయలుదేరారు. ప్రస్తుతం దారం చిక్కు తీస్తున్నారు.